తెల్లప్ప ముందు ఆడిన మాట

రండి, రండి, దగ్గరికి జరగండి. వెనక వరుసలో గుసగుసలాపండి. ఫోన్లు బోర్లా పెట్టండి. అక్కా, ఆ చిప్స్ పాకెట్ గలగల కూడా కాసేపు ఆపమ్మా, కథ అయ్యాక నేనూ రెండు తింటాను. నేను చెప్పేవాటిలో సగం అబద్ధాలని మీరంటారు. ఇందులో మూడో వంతు కూడా లేవు. మిగతాదంతా నేను కళ్లతో చూసినంత నిజం. చూడలేదనుకోండి, అయినా అంత నిజం. ఇంక ఎవరూ మాట్లాడకూడదు.

మలేషియాలో ఇపో అనే ఊళ్లో, బుంటోంగ్ వైపు సుగంధి అని ఒక అమ్మాయి ఉంది. ఆదివారం సంతలో షర్బత్ అమ్ముతుంది. మామూలు షర్బత్ కాదు, ఎల్డర్ పువ్వుల షర్బత్. పువ్వుల్ని పంచదార పాకంలో, నిమ్మకాయ ముక్కల్తో ఒక రోజంతా నానబెట్టి, వడకట్టి, ఐసు వేసి ఇస్తుంది. ఒకసారి ఒక ముసలాయన ఒక్క గ్లాసు తాగితే, ఆయన చెవి మిషన్‌లో పెనాంగ్ రేడియో వినబడింది. అంత చలవ.

ఆ పువ్వులు ఇపోలో దొరకవు. కొండమీద, కాంపుంగ్ రాజా అనే ఊరి దాకా పోవాలి. ఎప్పుడూ తనే వెళ్లి కోసుకొచ్చేది. ఆ నెల స్కూటర్ మీంచి పడి, ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు పెట్టుకుని, కాలికి కట్టు కట్టించుకుంది. అందుకని కొండ మీంచి కూరగాయలు దింపే వ్యాన్ అతనికి వాట్సాప్‌లో ఫొటో పంపి, "ఇవి తెచ్చిపెట్టు" అంది.

ఆ వ్యాన్ అతని పేరు అప్పడు. నవ్వకండి. ముత్తాత పేరు. మనిషి ఆరడుగులు, పేరు మాత్రం ముత్తాతంత పాతది.

శనివారం పొద్దున్న వ్యాన్ గేటు ముందు ఆగింది. మూడు మూటలు దింపాడు.

"ఇదిగో మేడమ్, మీ పువ్వులు. ఫుల్ ఫ్రెష్ లా." అక్కడ మాట చివర ఆ 'లా' ఊరికే తగిలిస్తారు లెండి.

సుగంధి ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చి, మూటలోంచి ఒక కొమ్మ లాగింది. ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది.

"ఇదేటి?"

"పువ్వు."

"ఏ పువ్వు?"

"తెల్ల పువ్వు. మీరు పంపిన ఫొటోలో తెల్లగానే ఉన్నాది కదా."

"నీ షర్టు కూడా తెల్లగానే ఉన్నాది. ఇప్పి ఇయ్యి, అది కూడా నానబెట్టి అమ్ముతాను."

అప్పడు నిజంగానే షర్టు వైపు చూసుకున్నాడు. "ఇది రెండు రోజులనుంచి ఏసుకున్నాను మేడమ్. టేస్ట్ మారిపోతాది."

ఆమెకి నవ్వొచ్చింది కానీ మింగేసింది. "ఇది మెమాలి అనే అడివి మొక్క. మా మొక్క కాదు. ఆకులు సూడు, ఒకటి ఇటు, ఒకటి అటు, నిచ్చెన మెట్లలాగ వస్తన్నాయి. మాదాంట్లో ఆకులు ఎదురూ బొదురూ జంటగా ఉంటాయి. అంచు రంపంలాగుంటాది. పువ్వుల గుత్తి గొడుగు ఇప్పినట్టు పరుసుకుంటాది, మధ్యమధ్యలో చిన్న పసుప్పచ్చ గిన్నెలుంటాయి, చీమలకి సాసర్లు పెట్టినట్టు. కాడ ఇరిస్తే లోపలంతా తెల్ల బెండు. ఆకు నలిపితే కంపు."

"ఆకు కంపు, పువ్వు సువాసనా?"

"ఔను."

"మా పిన్ని లాంటి మొక్క. నోరు ఇప్పితే కంపు, వంట సేస్తే..."

ఈసారి నవ్వు మింగడం కుదరలేదు. నవ్వితే ఆమెకి ఒక్క బుగ్గే గుంట పడుతుంది. రెండోది పడదు. అప్పడు ఆ ఒక్క గుంట చూసి, వ్యాన్ ఎక్కడ పార్క్ చేశాడో మర్చిపోయాడు. దానికే ఆనుకుని నిలబడి ఉన్నాడు, అయినా మర్చిపోయాడు.

ఇంట్లోంచి అప్పలమ్మ పిలిచింది. సుగంధికి నాన్నమ్మ. కళ్లు సగం పోయాయి, మోకాళ్లు పూర్తిగా పోయాయి, నోరు మాత్రం కొత్తదానిలా పనిచేస్తుంది.

"ఓ గుంటడా, ఇలా రా. రేపు మళ్లీ ఎల్తావా కొండకి?"

"ఎల్తాను మామ్మా."

"అయితే ఇను. కాంపుంగ్ రాజాలో కేబేజీ సేను ఎనక పడిపోయిన ఇల్లొకటుంటాది. మెట్ల పక్కన ఉన్నదే మా మొక్క. తెల్లప్ప అంటాం దాన్ని. మంచు ఆరి, ఎండ తగిలినాక కొయ్యి. పురుగులుంటే దులుపు, కడక్కు, కడిగితే వాసన పోతాది. సగం గుత్తులు సెట్టుకే ఉంచు, పిట్టలకి కాయలవ్వాల. ఎర్ర కాయ ముట్టకు. నల్లగా పండింది కూడా పచ్చిగా నోట్లో ఏసుకోకు, రోజంతా దొడ్లో కూసుంటావు. అది బాగా ఉడకాల."

"సరే మామ్మా."

"అయ్యలేదు. కొయ్యకముందు సెట్టు ముందు నిలబడి, నువ్వెవుడివో, ఎవులింటికి పట్టుకెల్తన్నావో సెప్పాల. నిజం సెప్పాల."

అప్పడు నవ్వాడు. "అబద్దం సెప్తే ఏటి సేస్తాది? కొడతాదా?"

"కొట్టదు," అంది అప్పలమ్మ. "నమ్ముతాది. అదే భయం."

ఆ మాట ఆమె ఎలా అన్నదంటే, గోడమీద బల్లి కూడా కదలడం మానేసింది.

"అప్పలమ్మ ఇంటికి, వ్యాన్ తోలే అప్పడిని అని సెప్పు. ఒక్క మాట ఎక్కువ సెప్పకు."

*

మర్నాడు తొమ్మిదికి అప్పడు కాంపుంగ్ రాజా చేరాడు. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, టోపీ తీసి గాల్లో తగిలించొచ్చు. ఎండొచ్చేదాకా కాసేపు వ్యాన్‌లో కూర్చుని, తర్వాత కేబేజీ మళ్ల మధ్యనుంచి పైకి నడిచాడు.

పడిపోయిన ఇల్లు అన్నారు గానీ, అక్కడ ఇల్లు లేదు. గోడల్లేవు, గుమ్మం లేదు. నాలుగు మెట్లు మాత్రం ఉన్నాయి. పైకి వెళ్తాయి, ఏమీ లేని చోట ఆగిపోతాయి. ఆ మెట్ల పక్కనే మొక్క. మనిషెత్తు దాటింది. ఆకులు ఎదురెదురుగా, జంటలుగా. తెల్లని గుత్తులు అరచేతులు చాపినట్టు పైకి చూస్తున్నాయి. ఒక గుత్తిలో చిన్న పసుపు గిన్నెలు కూడా కనిపించాయి. ఆకు నలిపాడు. కంపు. ఇదే.

గాలి లేదు. పిట్ట లేదు. దూరంగా ఎక్కడో నీళ్ల మోటారు కొట్టుకుంటున్నది కాస్తా, అతను నోరు తెరవగానే ఆగిపోయింది.

"నాను అప్పడిని," అన్నాడు. "ఈ పువ్వులు... ఈ పువ్వులు..."

చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. ఎండని కమ్మేసి మళ్లీ దిగిన పొగమంచులో తన కాళ్లే తనకి కనిపించడం లేదు. కుర్రాళ్ల సంగతి మీకు తెలుసు. ఎవరూ వినరంటే నాలుక దురద పెడుతుంది. నిన్నటినుంచి ఒక మాట లోపల తిరుగుతోంది, అది బయటికొస్తే చెవికెలా ఉంటుందో చూద్దామనిపించింది. ఒక్కసారి. అంతే.

"ఈ పువ్వులు మా ఇంటిది సుగంధికి," అన్నాడు.

చాలా బాగుంది. తేనెలో ముంచినట్టుంది. చెవులు వేడెక్కాయి.

అప్పుడు మొక్క కదిలింది. గాలికి కాదు. నిద్రపోతున్న మనిషిని పేరు పెట్టి పిలిస్తే తల ఎలా తిప్పుతుందో, అలా. గుత్తులన్నీ ఒకేసారి అతని వైపు తిరిగాయి. చెయ్యి చాపకముందే ఒక గుత్తి కాడనుంచి విడిపోయి అరచేతిలో పడింది. తర్వాత ఇంకొకటి. తర్వాత ఇంకొకటి. సంచి దానంతటదే నిండిపోయింది.

"థ్యాంక్యూ లా," అన్నాడు అప్పడు. వెనక్కి తిరక్కుండా వ్యాన్ దాకా పరిగెత్తాడు.

దిగువకి వస్తుంటే దారిలో మొక్కజొన్న పొత్తులమ్మే పాపాయి బండి ఉంటుంది. ఎప్పుడూ ఒకటే కొంటాడు. ఆ రోజు పాపాయి రెండు పొట్లాలు కట్టి కిటికీలోంచి ఇచ్చింది.

"నాను ఒకటే అడిగినాను కదా అక్కా."

"నీకొకటి. మిస్సెస్‌కి ఒకటి. నువ్వొక్కడివే తింటావేటి, సిగ్గులేదూ? పాపం, సలికి ఎలా ముడుసుకున్నాదో సూడు."

అప్పడు పక్కకి చూశాడు. సీటు ఖాళీ. కానీ సీట్ బెల్టు పెట్టి ఉంది. గట్టిగా, లోపల మనిషున్నట్టు, ఉబ్బెత్తుగా. సీటు మీద రెండు తెల్ల పువ్వు రేకులు, కింద తడి పాదాల గుర్తులు.

కొండ కిందున్న సింపాంగ్ పులై దాకా అతను రెండో గేరు నుంచి మార్చలేదు. పొత్తు కూడా తినలేదు. రెండో పొత్తు మాత్రం, ఇపో చేరేసరికి, గింజ లేకుండా శుభ్రంగా ఉంది.

*

సుగంధి గేటు దగ్గరే నిలబడి ఉంది. సంచి తీసుకుని, వాసన చూసి, కళ్లు మూసుకుంది. అప్పడి ప్రాణం లేచొచ్చింది. కళ్లు తెరిచి, అతని భుజం మీదుగా వ్యాన్ వైపు చూసింది. నవ్వు ఆరిపోయింది.

"ఎవులామె?"

"ఎవులు?"

"వ్యాన్‌లో."

"ఎవులూ లేరు."

"ఓహో. తల దించుకుని కూసున్నామె ఎవులూ కాదన్నమాట. పెల్లయినాదని సెప్పనేలేదు నువ్వు."

"నాకు పెల్లి కాలేదు!"

"పాపం, ఆ ముక్క ఆమెకి తెలుసా?"

గేటు మూసుకుంది. అప్పడు రాత్రంతా మెసేజ్‌లు పెట్టాడు. ఒక్కదానికీ నీలం గీతలు పడలేదు.

ఆ తర్వాత అతని బతుకు ఇలా అయింది. కాఫీ కొట్లో కూర్చుంటే అడక్కుండా రెండు టీలు వస్తాయి. లిఫ్ట్ ఎక్కితే జనం ఇద్దరికి చోటిచ్చి జరుగుతారు. పక్కింటి కమలాక్షి ఆంటీ, "మీ ఆవిడ చెప్పులేసుకోదేంటి బాబూ, జలుబు చేస్తుంది" అని అడుగుతుంది. అందరికీ కనిపిస్తుంది. అతనికి తప్ప. అతనికి తెలిసేది ఒక్కటే, ఎడమ పక్కన ఎప్పుడూ కాస్త చల్లగా ఉంటుంది, నిమ్మకాయ పిండిన పువ్వు వాసన వస్తుంది.

వాళ్లమ్మ లెచ్చుమి మొదటిరోజు ఏడ్చింది, "సెప్పకుండా కట్టుకున్నావురా" అని. రెండోరోజు మూడు కంచాలు పెట్టింది. వారం తిరిగేసరికి మురిసిపోవడం మొదలుపెట్టింది.

"మాటాడదు. సీరియల్ మార్సమనదు. ఉప్పు తక్కువైనాదనదు. ఇంతకన్నా మంచి కోడలు ఎక్కడ దొరుకుతాది రా?"

"అమ్మా, అక్కడ ఎవులూ లేరే!"

"అలాగనకు. పిల్ల బాధపడతాది. అదిగో, తల దించేసుకున్నాది."

మూడు వారాలయ్యాయి. ఒక సాయంత్రం అన్నం పెడుతూ లెచ్చుమి అంది, "ఇన్నాళ్లూ మొఖం మబ్బుగా ఉండేది. ఇయ్యాల బాగా కనిపించినాది. సక్కటి పిల్ల. ఎడమ కనుబొమ్మ మీద సిన్న గాటు. నవ్వితే ఒక్క బుగ్గే గుంట పడతాది."

అప్పడి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

*

మర్నాడు ఆదివారం సంత. షర్బత్ టేబుల్ దగ్గర సుగంధి నిలబడి ఉంది. జనం ఆమె ముందునుంచే పోతున్నారు, ఒక్కరూ ఆగడం లేదు. ఒకావిడ తన హ్యాండ్‌బ్యాగ్ తెచ్చి సుగంధి చేతిమీద పెట్టి, బల్లనుకుని, ఫోన్ మాట్లాడుకుని, తీసుకుపోయింది.

అప్పడికి ఆమె కనిపించింది. కానీ ఎండలో నెలల తరబడి వదిలేసిన ఫొటోలా ఉంది. వెనకున్న గుడ్డ మీద పువ్వుల డిజైన్, ఆమె భుజంలోంచి కొంచెం కొంచెం తెలుస్తోంది.

"సుగంధీ."

ఆమె ఉలిక్కిపడింది. "నాను నీకు కనిపిస్తన్నానా?"

"కనిపిస్తన్నావు."

"నిజంగానా? ఏ రంగు డ్రెస్ సెప్పు?"

"పచ్చది. పిన్నీసు ఎడం పక్కన పెట్టుకున్నావు."

అంతే, ఆమె కళ్లనుంచి నీళ్లు. మూడు వారాల కోపం ఒకటిన్నర సెకనులో పోయింది. "ఫోన్ నా మొఖం గుర్తుపట్టడం లేదు. మాల్‌లో తలుపు నాకు తెరుసుకోదు. నిన్న నాన్న నా గదికి తాళం ఏసి ఎలిపోయినాడు, లోపల నాను ఉండగానే. ఎదురుగా నిలబడి అరిసినాను. 'సుగంధి ఎక్కడికెల్లినాదో' అని గొణుక్కుంటూ ఎల్లినాడు. అప్పడూ, నాను సచ్చిపోతన్నానా?"

అప్పడు ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. వేళ్లకి మంచు తగిలినట్టయింది.

ఇంటికి తీసుకెళ్లాడు. అప్పలమ్మ మంచం మీదనుంచే చేతులు చాపి మనవరాలి మొహం తడిమింది. గడ్డం దగ్గర వెతుక్కోవాల్సొచ్చింది.

"ఏటి సెప్పినావురా తెల్లప్పతో?"

"మీరు సెప్పమన్నదే మామ్మా."

"గుంటడా."

"...ఒక్క మాట ఎక్కువ."

"ఏటది?"

అప్పడు నేల చూశాడు. "'మా ఇంటిది సుగంధికి' అన్నాను."

సుగంధి నెమ్మదిగా అడిగింది, "ఎందుకన్నావు?"

"ఎలాగుంటాదో సూద్దామని."

"ఎలాగున్నాది?"

"బాగున్నాది."

సుగంధి, సగం మిగిలిన మనిషి, కట్టు విప్పిన కాలితో తన్నింది. సగం తగిలింది.

"అది నమ్మినాది," అంది అప్పలమ్మ. "ఈడి పెల్లాం సుగంధి అని నమ్మి, సుగంధిని ఈడికాడికి పంపతన్నాది. ఒక్కసారి కాదు, రోజూ కొంచెం. అంతా అక్కడికి ఎలిపోయినాక ఇక్కడేటి మిగల్తాది?"

అప్పలమ్మ మంచం పట్టె పట్టుకుని లేవబోయింది.

"పువ్వు కాయైతాది. కాయ ఎర్రబడి నల్లబడతాది. ఆ సెట్టుకి ఆఖరి కాయ నల్లబడ్డాక మాట ఎనక్కి రాదు. పద. ఇప్పుడే."

అప్పుడే సుగంధి నాన్న మణియం లోపలికి వచ్చాడు. పోస్టాఫీసులో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యాడు, ఏదీ స్టాంపు లేనిదే నమ్మడు. ఎదురుగా కూతురుంటే, ఆమెలోంచి అప్పడి వైపు చూసి గుడ్లురిమాడు.

"ఎవుడు నువ్వు? మా సుగంధి ఎక్కడ?"

"నీ ముందే ఉన్నాది రా, కళ్లు లేనోడా," అంది అప్పలమ్మ. "నన్ను ఎత్తి వ్యాన్‌లో ఎయ్యి. దారిలో సెప్తాను."

*

వ్యాన్ ముందు సీటు బెల్టు అప్పటికే పెట్టి ఉంది. ఎవరూ ఆ వైపు చూడలేదు. వెనక ఖాళీ కూరగాయల బుట్టల మధ్య ముగ్గురూ కూర్చున్నారు. కొండ ఎక్కేకొద్దీ సుగంధి చలిగా ఉందనడం మానేసింది. ఆ తర్వాత మాట్లాడడమే మానేసింది. అప్పలమ్మ ఆమె చెయ్యి విడవకుండా పట్టుకుంది, ఉందో లేదో చూసుకుంటున్నట్టు మధ్యమధ్యలో నొక్కుతూ.

పైన అదే మంచు. అదే నిశ్శబ్దం. మణియం తల్లిని వీపున మోసుకొచ్చాడు.

మొక్కకి ఒక్క పువ్వు లేదు. గుత్తులన్నీ కాయలు. సగానికి పైగా నల్లగా నిగనిగలాడుతున్నాయి, మిగతావి ఎర్రవి. అందరూ చూస్తుండగానే ఒక ఎర్ర కాయ నల్లబడింది, ఎవరో దీపం ఆర్పినట్టు.

ఎక్కడికీ పోని ఆ నాలుగు మెట్లలో పైమెట్టు మీద ఒకమ్మాయి కూర్చుని ఉంది. అప్పడికి మొదటిసారి కనిపించింది. తెల్లచీర, తడి పాదాలు. తల ఎత్తింది. సుగంధి మొహం. అచ్చు సుగంధి, కానీ ఆ కళ్లు ఆర్పడం లేదు.

మణియం నోరు తెరిచి అటు పరిగెత్తబోయాడు. "సుగంధీ! తల్లీ!"

"అది కాదురా!" అని అరిచింది అప్పలమ్మ. "ఇదిగో, నా సేతిలో ఉన్నదే నీ కూతురు. గుంటడా, సెప్పు. నిజం సెప్పు."

అప్పడు మొక్క ముందుకొచ్చాడు. పక్కన మణియం మీసం, పిడికిళ్లు. ఆయన వైపు ఒకసారి చూశాడు. అక్కడే తప్పు జరిగింది.

"సుగంధి నాకు పెల్లాం కాదు. నాను అబద్దం ఆడినాను," అన్నాడు. మెట్టు మీది అమ్మాయి కొంచెం మసకబారింది. అంతటితో ఆపి ఉంటే బాగుండేది. మణియం ఇంకా చూస్తున్నాడు. "ఆ... ఆమె నాకు ఏటీ కాదు. కస్టమర్. అంతే."

కాయలన్నీ గలగలమన్నాయి. ఒక కొమ్మ కొననుంచి మొదలుదాకా వరసగా నల్లబడిపోయింది. మెట్టు మీది అమ్మాయి లేచి నిలబడి, మొదటిసారి కన్ను ఆర్పింది. అప్పలమ్మ కేక వేసింది. ఆమె చేతిలో ఏమీ లేదు, మంచు తప్ప.

"మల్లీ అబద్దం! ఎవుడికి భయపడి ఆడినావురా?"

అప్పడు మోకాళ్ల మీద పడ్డాడు. ఇంక మణియం వైపు చూడలేదు.

"పెల్లాం కాదు. కస్టమర్ కూడా కాదు. ఏటని సెప్పను? ఆ రోజు మెమాలి కొమ్మ పట్టుకుని నన్ను తిట్టినాది సూడు, అప్పట్నించి రోజూ పొద్దున్న తిట్టించుకుంటే బాగుణ్ననిపిస్తాది. మెసేజ్ పెట్టి, సూసిందో లేదో అని రాత్రి పదిసార్లు ఫోన్ తీస్తాను. ఆమె నవ్వితే ఒక బుగ్గ గుంట పడతాది, రెండో బుగ్గ పడదు. ఆ రెండో బుగ్గ కూడా నాకు ఇష్టమే. ఇదే నిజం. ఆమెకి నాను ఇష్టమో కాదో నాకు తెలవదు. నాకు ఇవ్వొద్దు, తెల్లప్పా. ఎవులికీ ఇవ్వొద్దు. ఆమెని ఆమెకి ఇచ్చేయ్."

నల్లబడడం ఆగింది. ఒక్క గుత్తి, ఒకే ఒక్క గుత్తి ఎర్రగా మిగిలింది.

మెట్టు మీది అమ్మాయి కదల్లేదు. అప్పడి వైపు కాదు, అప్పలమ్మ పక్కనున్న ఖాళీ వైపు చూస్తోంది. మొక్క కూడా గుత్తులన్నీ అటే తిప్పి ఎదురుచూస్తోంది.

"నిన్నడుగుతన్నాది తల్లీ," అంది అప్పలమ్మ, ఆ ఖాళీతో. "ఈడు తన నిజం సెప్పినాడు. నీది నువ్వు సెప్పు. ఎవులి కోసమూ సెప్పకు. ఉన్నది సెప్పు."

అప్పుడు మంచులోంచి, చాలా దూరంనుంచి, ఒక గొంతు.

"నాను ఈడికి పెల్లాన్ని కాను."

అప్పడు తల దించుకున్నాడు.

"ఇంకా కాను," అంది గొంతు. ఈసారి కొంచెం దగ్గరగా. "ఈడు ఎర్రోడు. సెట్టుతో సెప్పినోడు నాతో సెప్పలేదు. అది నాకు మంట. ఆ రోజు వ్యాన్‌లో ఎవులో కూసున్నాదని సూసి గేటు మూసేసినాను. పువ్వుల కోసం కాదు. ఆ సీట్లో నాను కూసోవాలనుకున్నాను." ఆగింది. "ముందు అడగమను. నన్ను. నా మొఖం సూసి. అప్పుడు ఆలోసిస్తాను."

కింద రోడ్డు మీద వ్యాన్‌లో, అంత దూరంనుంచీ స్పష్టంగా, "టక్" మని సీట్ బెల్టు ఊడిన చప్పుడైంది.

మెట్లు ఖాళీ. మొక్క మామూలు మొక్క. ఎక్కడో పిట్ట కూసింది, ఆగిపోయిన నీళ్ల మోటారు మళ్లీ కొట్టుకోవడం మొదలైంది. అప్పలమ్మ చేతిలో వేళ్లున్నాయి, వెచ్చగా, ఐదూ. పచ్చ డ్రెస్సు, ఎడంపక్క పిన్నీసు, కోపం, సుగంధి మొత్తం.

మణియం కూతుర్ని పట్టుకుని ఏడ్చాడు. ఏడ్చాక మీసం తుడుచుకుని అప్పడి దగ్గరికి వచ్చాడు. అప్పడు చెంపలు రెండూ సిద్ధంగా పెట్టుకున్నాడు.

"వ్యాన్ సొంతమేనా?"

"ఔను అంకుల్."

"ఆదివారం మీ అమ్మని తీసుకుని ఇంటికి రా." రెండడుగులు నడిచి, వెనక్కి తిరిగాడు. "ఇద్దరే రండి."

అప్పడు సుగంధి వైపు తిరిగాడు. మొహం చూసే. "సుగంధీ, నాతో కాఫీకి..."

"ఇప్పుడా? మట్టి మోకాళ్లతోనా?" అంది ఆమె. కానీ ఒక బుగ్గన గుంట పడనే పడింది. "అడుగు, అడుగు. ఆపేసినావేటి? గట్టిగా అడుగు."

"నాతో కాఫీకి వస్తావా?" అని అప్పడు కొండ దద్దరిల్లేలా అరిచాడు.

"వస్తాను!" అని ఆమె కూడా అంతే గట్టిగా అరిచింది.

అప్పటిదాకా కింది మళ్లో వంగి కలుపు తీసుకుంటున్న చీనా ముసలాయన, ఆ తోట ఆయనదే, రెండు చేతులూ ఊపుకుంటూ పైకి పరిగెత్తుకొచ్చాడు. దెయ్యాన్ని చూశాడో, మనుషులు మాయమవడం చూశాడో అని అందరూ హడలిపోయారు. ఆయన రొప్పుతూ, వేలు పెదాల మీద పెట్టుకుని, మలయ్ భాషలో గుసగుసలాడాడు:

"ఇలాంటి మాటలు ఇక్కడ మాట్లాడకండి లా! నా కేబేజీలు విన్నాయంటే వయసుకు ముందే పువ్వు వేసేస్తాయి. పువ్వేసిన కేబేజీని మార్కెట్లో ఎవడు కొంటాడు?"